కష్టాలకి టెర్మిన్

"ఛాయా, తలుపు తియ్యి!"

"తియ్యను. కంచం గుమ్మం దగ్గర పెట్టి దూరం జరగండి. ప్రవీణని ఇటు రానివ్వకండి."

రవీంద్రనాథ్ కంచం గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి జరిగాడు. ఈ శనివారం రిహార్సల్ మరీ శ్రుతి మించుతోంది!

మొదలెట్టింది తనే. హానోవర్‌లో స్నేహితుడు వాసుదేవరావు కరోనా వచ్చి, నవ్వుతూ అంబులెన్స్ ఎక్కాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ భయంలో ఉండగా ఎక్కడో చదివాడు. అదృష్టదేవత చక్రం మీద నిలబడుతుందట, ఎప్పుడెటు దొర్లుతుందో తెలీదట. అందుకే బాగున్న రోజుల్లోనే కష్టాన్ని సాధన చెయ్యమన్నారట పాత రోమనులు. రోమనుల మాటకి రవీంద్రనాథ్ రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పైగా తాముండేది జర్మనీలోని జిండెల్ఫింగెన్, కార్లు తయారయ్యే ఊరు. చక్రాలకి కొదవా!

అప్పట్నుంచి శనివారానికో కష్టం. ఓసారి ఉద్యోగం ఊడినట్టు ఎండు రొట్టె నమిలారు. ఓసారి హీటింగ్ ఆపేసి గడగడ వణికారు.

"కష్టాలకి డాక్టర్ అపాయింట్‌మెంట్‌లా టెర్మిన్ ఇచ్చి పిలుస్తారేంటండీ!" అని భార్య ఛాయాదేవి ప్రతిసారీ విసుక్కునేది. అలాంటిది ఇవాళ పొద్దున్నే కరోనా వచ్చినవాళ్ళలా తనే గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది.

కాసేపటికి ఖాళీ కంచం బయటికొచ్చింది.

"పప్పెలా ఉంది?"

"బాగుంది."

తనూ ఓ ముద్ద నోట్లో పెట్టుకుని పరుగున వెళ్ళి ఉమ్మేశాడు. అది పప్పు కాదు, ఉప్పు! వంక పెట్టకుండా తినేసిందంటే ఎంత పట్టుదల!

"ప్రవీణకి జడ వేశారా?"

"జడ వెయ్యబోతే నాకు దడ వచ్చింది."

"నేర్చుకోండి. దాని మందులు ఫ్రిజ్ మీదున్నాయి. సోమవారం దాని కీటా బడి టీచర్‌కి మీరే ఫోన్ చెయ్యాలి. నిద్రలో ఏడిస్తే వీపు నిమరండి. ఒకవేళ నేను లేకపోయినా..."

"ఆపవే! ఆ డైలాగొద్దు!"

"చెప్పనివ్వండి. అమ్మేదని అడిగితే అబద్ధం చెప్పకండి."

అతను తలుపుకి ఆనుకుని అలాగే కూలబడ్డాడు. ఆమె లేని ఇల్లు, జడ లేని పిల్ల, ఉప్పు తెలీని తను! ఇన్ని శనివారాల్లో ఒక్కనాడూ ఇంత భయం వెయ్యలేదు.

"చాలు ఛాయా, ఓడిపోయాను! ఆ రోమనులు గట్టి పిండాలు, నేను ఉడికిన ఆలుగడ్డని. రిహార్సల్ అయిపోయింది. గడియ తీసి బయటికి రా, నీకు దణ్ణం పెడతాను."

గడియ కదల్లేదు, అవతల దగ్గు వినబడింది.

"రిహార్సలని నేనన్నానా అండీ?"