కోళ్ల తొట్టిలో పొట్టు

"తలుపు తియ్యండి! ఆహార శాఖ!"

ఇన్‌స్పెక్టర్ కొట్టింది పక్కింటి పెరటి తలుపైనా, గ్లాడిస్ చేతిలో పని వదిలేసి పెరట్లోకి పరిగెత్తింది. గోడ మీంచి తొంగి చూసింది. విన్నీ పిండి చేతులతోనే తలుపు తీసింది.

ఇన్‌స్పెక్టర్ తిన్నగా కోళ్ల తొట్టి దగ్గరికి వెళ్లి గుప్పెడు గోధుమ పొట్టు తీశాడు.

"ఇదేమిటమ్మా? యుద్ధం అయ్యేదాకా పొట్టుతోనే తినండి, ఒంటికి బలం అని ప్రభుత్వం మొత్తుకుంటోంది. మీరు జల్లించి కోళ్లకేస్తున్నారా? తెల్లపిండి ఎక్కడ?"

ఆయనే లోపలికి వెళ్లి చిన్న సంచీ పట్టుకొచ్చాడు. దాంతోపాటు పిండి అంటిన పట్టు మేజోళ్లు కూడా తెచ్చాడు. విన్నీకి ఉన్న పట్టు మేజోళ్లు ఆ ఒక్క జతే. జల్లెడ కోసం వాటినే పాడుచేసుకుంది పిచ్చిది.

గ్లాడిస్ ఇక చూడలేక ఇంట్లోకి వచ్చేసింది. ఆహార శాఖకి చాడీ చెప్పింది తనే మరి! నిన్న ఆ తొట్టి చూడగానే ఒళ్లు మండిపోయింది. రేపు తన కూతురు మావిస్ పెళ్లి. యుద్ధకాలపు నిషేధంతో కేకు మీద పంచదార పూతకి కూడా నోచుకోని పెళ్లి. బేకరీ నుంచి అద్దెకు తెచ్చిన మూడంతస్తుల అట్టకేకు పైకి కనబడుతుంది, దాని కింద దాచేది పొట్టు కలిసిన బూడిదరంగు పిండితో చేసిన చిన్న ముక్క. షెఫీల్డు ఊరంతా అదే పిండి తింటుంటే ఈవిడగారికి తెల్లరొట్టె కావాల్సొచ్చిందా అనుకుంది. ఆ ఉక్రోషంలో నోరు జారింది. ఎందుకు చెప్పానా అని ఇప్పుడు ప్రాణం ఉసూరుమంటోంది.

కాసేపటికి విన్నీ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏ పాపిష్టి నోరు చెప్పిందో గానీ, కోర్టుకు రమ్మన్నాడక్కా."

గ్లాడిస్ ఆమెను దగ్గరికి తీసుకుంది. "ఊరుకోవే. మొదటిసారి కదా, మందలించి వదిలేస్తారు."

"కోర్టు సంగతి సరే. పిండి మొత్తం పట్టుకుపోయాడు!"

"పోతే పోయిందిలే. తెల్లరొట్టె తినకపోతే కొంప మునుగుతుందా?"

"నేను తినడానికా అక్కా?" విన్నీ వెక్కుతూ ఆమె భుజం మీద తల వాల్చేసింది. "రేపు ఆ అట్ట ఎత్తగానే కింద నిజంగా తెల్లకేకు కనబడితే, మన మావిస్ మొహం ఎలా వెలిగిపోతుందో చూద్దామనుకున్నా."