గూడబాతుల లెక్క

ఆ ఏడాది గూడబాతులు ఇంకా చెరువుకు రాలేదు. వాలే పిట్టల లెక్కను బట్టి ప్రతి చెరువుకూ ప్రభుత్వం ఏటా ఖరీదు కడుతున్న రోజులవి. ఖరీదు పడిపోయిన చెరువును పూడ్చి, మీదుగా రోడ్డు వేసేవారు. సాయంత్రం ఐదింటికల్లా పిట్టల లెక్క పంపాల్సిన ఉద్యోగిని సువార్త, ఏడుకొండలు దోనెలో నాలుగోసారి చెరువంతా తిరిగింది. కనిపించిన పిట్టలు పన్నెండే.

“రెండ్రోజులాగండమ్మగోరూ! వాన పడితే అయ్యే వచ్చేత్తాయి,” అన్నాడు ఏడుకొండలు. అతను ఆ చెరువులో చేపలు పట్టుకునే ఇల్లు గడుపుకొస్తున్నాడు.

“ఆగడం నా చేతుల్లో లేదయ్యా. తప్పుడు లెక్క పంపితే చెరువు నడుమ పెట్టిన కెమెరా పట్టేస్తుంది.” ఆమె చూపు దోనె అడుగున పడింది. “లెక్క మధ్యలో పడవ మునిగితే మాత్రం నాలుగు రోజులు గడువిస్తారు,” అంది మెల్లగా.

ఏడుకొండలు ఆమె వంక చూశాడు. దోనెను ఒడ్డువారకు తెచ్చి, ఆమెను దింపి, దోనెలో ఉన్న గొడ్డలితో అడుగున రెండు దెబ్బలు వేశాడు. అతని తండ్రి చేసిచ్చిన దోనె అది. నీళ్ళు బుడబుడమంటూ లోపలికొచ్చాయి.

మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి సువార్త, పడవ మునిగిందని ఫోనులో కబురు పంపింది. గడువు దొరికింది. ఇద్దరూ తలెత్తి ఆకాశం కేసి చూశారు. ఎక్కడా మబ్బుతునక లేదు.