మెరిసే బూట్లు

"ఈ బూట్లు నా కూతురు వేసుకోదు నాన్నా," అంటూ బ్రిట్టా వాటిని టిల్డా కాళ్ళ నుంచి ఊడలాగింది.

అడుగు వేస్తే మడమల దగ్గర చిన్న లైట్లు ఎర్రగా మెరిసే బూట్లు అవి. ఆరేళ్ళ మనవరాలి కోసం ఓరిన్ పట్నం దాకా వెళ్ళి ఏరికోరి తెచ్చాడు. సరస్సు ఒడ్డున తన చెక్క ఇంట్లో పిల్ల ముచ్చటగా రెండు గెంతులు వేసిందో లేదో, సెలవు రోజులు గడపడానికి వచ్చిన కూతురు ఇంత గొడవ మొదలుపెట్టింది.

"పిల్ల సరదా పడుతుందని తెచ్చానే," అన్నాడు.

"బడిలోకి ఎవడైనా తుపాకీతో వస్తే పిల్లలు చీకట్లో దాక్కోవాలి. చీకట్లో ముందు కనబడేవి ఇవే."

ఆమె చదువే అది. బడుల్లో జరిగిన కాల్పుల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. బతికి బయటపడ్డ పిల్లలతో మాట్లాడింది, పోయిన పిల్లల తల్లుల ఎదుట తల వంచుకుని కూర్చుంది. వాళ్ళుండే ఊరి చుట్టుపక్కల బడుల్లో చిన్నపిల్లలకు నేర్పే పాఠం ఆమె రాసిందే. లైటు ఆర్పు, నక్కి కూర్చో, బయటి నుంచి ఎవరు పిలిచినా నమ్మకు, చప్పుడు చెయ్యకు, పెద్దవాళ్ళే వచ్చి తలుపు తీసేదాకా కదలకు. టిల్డాకు కూడికలు రాకముందే అది కంఠతా వచ్చేసింది.

అయినా ముసలాయన ఊరుకోలేదు. "అడవి పక్కన ఉండేవాళ్ళం, వేట రోజుల్లో మేం పిల్లలకి నారింజరంగు కోటు తొడుగుతాం, తుపాకీ పట్టినవాడు జింకనుకోకుండా, వాడికి కనబడాలని. నువ్వేమో కనబడకూడదంటావు. పిల్ల ఏది నేర్చుకోవాలే?"

"రెండూ," అంది బ్రిట్టా. బూట్లు బీరువా మీద పెట్టి, సోమవారానికి ఇవ్వాల్సిన వ్యాసం ముందేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నమంతా పిల్ల మూతి ముడుచుకునే ఉంది. ఓరిన్‌కు మనసొప్పలేదు. బూట్లు గుట్టుగా దించి తొడిగాడు. ఇక్కడ బడీ లేదు, గిడీ లేదు, అమ్మకు చెప్పకు అని, నారింజ కోటు వేసి ఇంటి ముందు ఆడుకోమన్నాడు. తను పొయ్యి దగ్గర సూప్ కలుపుతూ నిలబడ్డాడు.

అవతల అడవిలో తుపాకీ రెండుసార్లు పేలింది. జింకల వేట మొదలైన వారం అది. ఆ చప్పుడుకు అక్కడ కుక్కలు కూడా చెవులు రిక్కించవు. ఓరిన్ సూప్‌లో ఉప్పు సరిచూసుకున్నాడు. బ్రిట్టా తన వ్యాసంలోంచి తలెత్తలేదు.

సూప్ గిన్నెల్లో పోసి పిలిస్తే టిల్డా పలకలేదు. ఇంటి వెనక లేదు, కారులో లేదు, కట్టెల కొట్టంలో లేదు. సరస్సు ఒడ్డున మాత్రం నారింజ కోటు పడి ఉంది. దాని అవతల నీళ్ళ మీద అప్పడంలా పలచని మంచు పొర.

ఓరిన్ తన బూట్లైనా విప్పకుండా మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయాడు. పక్కింటివాళ్ళు పరుగున వచ్చి ఒడ్డుకు లాగారు. వణికిపోతూ, బూట్లు నేనే ఇచ్చానే అని కూతురితో చెప్పేశాడు.

"నా మాట ఒక్కసారైనా విన్నావా నాన్నా? వాటిని చూసుకుంటూ నడిచి నడిచి నీళ్ళలోకి పోయుంటుంది."

అన్నందుకు ఆమెకు ఆ క్షణంలోనే బాధేసింది, కానీ నోరు జారాక చేసేదేముంది?

నవంబరు పొద్దు, చూస్తుండగానే వాలిపోయింది. పోలీసులు వచ్చారు, ఊరివాళ్ళు టార్చిలైట్లతో వచ్చారు. బ్రిట్టా ఒడ్డు పొడుగునా పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. అమ్మనే తల్లీ, ఒక్కసారి పలుకు అని బతిమాలింది. చలికాలానికని ఒడ్డున బోర్లించిపెట్టిన పడవకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

చివరికి పోలీసాయన దగ్గరికొచ్చి, నీళ్ళలో వెతికేవాళ్ళు పొద్దున్నే వస్తారన్నాడు. కోటు లేకుండా ఇంత చలిలో బయటెక్కడున్నా ఇక కష్టమేనన్న మాట గొంతులోనే మింగేశాడు.

బ్రిట్టా చప్పున తలెత్తింది.

"లైట్లన్నీ ఆర్పండి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. పిల్ల కనబడక మతి పోయిందనుకున్నారు. ఓరిన్ ఒక్కడికే తెలిసింది. ముందు తన చేతిలో టార్చి ఆర్పాడు. ఒకరి తర్వాత ఒకరు ఆర్పేశారు. సరస్సు, అడవి, మనుషులు అన్నీ చీకట్లో కలిసిపోయాయి.

నేల బారున ఎర్రగా ఏదో మెరిసింది. ఆగింది. మళ్ళీ మెరిసింది.

ఆమె అంతసేపూ ఆనుకుని ఏడ్చిన పడవ కింద.

నలుగురూ కలిసి పడవ లేపారు. టిల్డా మోకాళ్ళు గుండెలకు హత్తుకుని ముడుచుకుని ఉంది. పెదాలు నీలంగా మారాయి. వణికినప్పుడల్లా బూట్లు మెరుస్తున్నాయి. ఓరిన్ తన కోటు విప్పి చుట్టాడు. బ్రిట్టా పిల్లను గుండెలకు అదుముకుంది.

"ఎందుకు పలకలేదే తల్లీ? ఎంతగా పిలిచానే నిన్ను!"

"తుపాకీ పేలింది కదమ్మా, దాక్కున్నాను. కోటు కనబడుతుందని తీసేశాను." పళ్ళు టకటకలాడుతున్నా పిల్ల కళ్ళలో గర్వం. "అచ్చం నీ గొంతే వినబడింది. ఏడుపు కూడా నీదే. అయినా నేను మోసపోలేదు."