నేను చూస్తన్నాగా!

బటన్ నొక్కాడు ఫ్రాన్సిస్. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మళ్లీ నొక్కాడు. అప్పుడే బిగించిన కొత్త కంప్యూటర్ మొండికేసిన ఎద్దులా కదల్లేదు.

"ఏందిరా ఇది?" అన్నాడు.

"కంగారు పడమాక. మళ్లా మొదట్నించీ చూసుకో. నేనున్నాగా," అన్నాడు మధుబాబు, గోడకు ఆనుకుని నిలబడి.

నరసరావుపేటలో ఆ బడి పెట్టిన రామబ్రహ్మం గారు పట్టిన పట్టు విడవని మనిషి. కంప్యూటర్ సార్ ఉద్యోగానికి ఫ్రాన్సిస్ పేరు వినగానే కమిటీలో అందరూ పెదవి విరిచారు. ఆయన మాత్రం ఫ్రాన్సిస్‌ని పిలిపించి, "విడి సామాన్లు నీ ముందు పెడతాను. మధ్యాహ్నానికల్లా బిగించి, ఆన్ చేసి చూపించు. ఉద్యోగం నీదే. ఆన్ కాకపోతే మాత్రం నన్నేమీ అనుకోవద్దు," అన్నారు.

శావల్యాపురంలో అన్న పెట్టే తిండితో పాటు వదిన విసిరే మాటలు కూడా తింటున్నవాడికి అంతకంటే ఏం కావాలి? యూట్యూబ్‌లో పాఠాలు వినీ వినీ, పాత మెషీన్లు విప్పీ బిగించీ నేర్చుకున్న పని అది. ర్యామ్ గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో అతని వేళ్లే చెబుతాయి.

తోడుగా మధుబాబు వచ్చాడు. ఇద్దరిదీ చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ. కంప్యూటర్ కోర్సూ కలిసే చేశారు. ఆ తర్వాత పని దొరక్క తిరగడంలోనూ ఇద్దరిదీ జోడీయే.

ఫ్రాన్సిస్ ర్యామ్ తీసి మళ్లీ పెట్టాడు. మదర్‌బోర్డుకు వెళ్లే లావు వైరు ఊడదీసి, గట్టిగా అదిమాడు. డబ్బా వెనకున్న చిన్న స్విచ్చి మీద వేలు పెట్టి, అది వేసే ఉందని రూఢి చేసుకున్నాడు. బటన్ పాడైందేమోనని దాని వైర్లు పీకేసి, అవి తగిలించే పిన్నులు రెండూ స్క్రూడ్రైవర్ కొసతో కలిపి, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టాడు. గాలి లేదు.

"పిన్నుల పక్కన అక్షరాలు మరీ సన్నగా ఉంటయ్యి. ఇంకోసారి చదవరా."

మధుబాబు వంగి చదివాడు. పిన్నులు సరైనవే.

"గోడ మీద స్విచ్చి ఏశావా?" అని అడిగాడు ఫ్రాన్సిస్.

"ఎప్పుడో ఏశా. ఎర్రలైటు ఎలుగుతానే ఉంది."

"సరిగ్గా చూశావా?"

"నేను చూస్తన్నాగా! కోటప్పకొండ సామి మీద ఒట్టు, ఎలుగుతానే ఉంది. ఏందిరా, నా మీద కూడా నమ్మకం పోయిందా నీకు?"

ఫ్రాన్సిస్‌కి సిగ్గేసింది. చివరికి వీణ్ణి కూడా అనుమానించే గతి పట్టిందా అని తనను తానే తిట్టుకున్నాడు.

చెప్పిన టైముకి రామబ్రహ్మం గారు వచ్చారు. ఆయనా బటన్ నొక్కారు. ఫలితం లేదు.

"అందరూ వద్దన్నా నీకు అవకాశం ఇచ్చాను అబ్బాయ్. ఇప్పుడు వాళ్లకి నేనేం చెప్పను?" అని నిట్టూర్చి, మధుబాబు వైపు తిరిగారు. "నువ్వూ అదే కోర్సు చేశావటగా? నువ్వు చేరతావా?"

"వాడి ఉద్యోగం నేనెట్టా తీసుకుంటా సార్?" అన్నాడు మధుబాబు.

ఫ్రాన్సిసే కల్పించుకున్నాడు. "తీసుకోరా. నాకు రాకపోతే పోయె, నీకన్నా రానీ." నవ్వుతూనే అన్నాడు.

వాళ్లిద్దరూ ఆఫీసు గదిలోకి వెళ్లారు. ఫ్రాన్సిస్ మిగిలిన స్క్రూలు ఏరి సంచిలో వేసుకుంటుంటే, బళ్లో ఆయా హన్నమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏం నాయనా, ఇంకా కానేలేదా?"

"కాలేదమ్మా. యాడ పోయిందో అంతు చిక్కలా. కరెంటు వస్తానే ఉంది, ఇది పలకడం లేదు."

"కరెంటా? స్విచ్చి ఎయ్యకుండా ఎట్టా వస్తది? పొద్దున నేను ఊడ్చి పోయినప్పుడు కట్టేసింది కట్టేసినట్టే ఉంది. ఆ పిల్లోడు దానికే ఈపు ఆనించి నిలబడ్డాడుగా. నువ్వే వద్దన్నావేమో అనుకున్నా."

హన్నమ్మ వెళ్లి టక్కుమని స్విచ్చి వేసింది. ఫ్రాన్సిస్ బటన్ నొక్కాడు. కీచుమని ఒక్క కూత. ఫ్యాన్ గాలి వేళ్లకు చల్లగా తగిలింది.

"ఓర్నాయనో, నిక్షేపంగా ఉందిగా! ఉండు, పెద్దాయన్ని పిలుచుకొస్తా," అంటూ హన్నమ్మ పరుగెత్తింది.

ఉద్యోగం మళ్లీ రావచ్చు. రాకపోనూ వచ్చు. ఫ్రాన్సిస్ మనసు అటు పోనేలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. ఎంత నిబ్బరంగా ఒట్టేశాడు! ఎర్రలైటు ఎలుగుతానే ఉందట. శత్రువు చేస్తే పోనీలే అనుకోవచ్చు. ఒక కంచంలో తిన్నవాడే నోట్లో మట్టి కొట్టాడు. పైగా ఆ ఉద్యోగం తీసుకొమ్మని వాణ్ణి బతిమాలింది తనే. ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండిపోయింది.

బడి గేటు దాకా అయినా సరే, ఇక ఆ మధుబాబు భుజం పట్టుకుని నడిచేది లేదనుకుని, పుట్టుకతోనే చూపు లేని ఫ్రాన్సిస్ తన తెల్లకర్ర కోసం నేలంతా తడుముకున్నాడు.