మొదటి విస్తరి

కానుకల పెట్టెలో దొరికిన ఉత్తరాన్ని పాస్టరు కృపారావు పట్టకారుతో పట్టుకుని చర్చి బయటికి తెచ్చాడు. అమెరికాలో ఎవరో ఉత్తరాల్లో తెల్లపొడి పెట్టి మనుషుల్ని చంపుతున్నారని ఆ నెలంతా పేపర్లో ఒకటే గోల. ఆ భయం సముద్రాలు దాటి, మున్నేరు దాటి పెనుగంచిప్రోలు దాకా వచ్చింది.

"పొడేమీ లేదు. రాతే ఉంది," అన్నాడాయన. అన్నాడే గానీ పట్టకారు మాత్రం వదల్లేదు. "ఈ రోజు విందు కూరలో విషం కలిపాను, అని రాశారు."

షామియానా కింద మొదటి బంతికి కూర్చున్న ఎనభైమందీ ఒక్కుమ్మడిగా లేచారు. కోతల పండగ విందు. రెండు పొట్టేళ్ళ కూర గుండిగల్లో ఘుమఘుమలాడిపోతోంది. కూర బకెట్టు పట్టుకుని వడ్డనకి బయల్దేరిన స్తెఫను కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. ఇంకొక్క అడుగు వేసుంటే మొదటి విస్తట్లో ముక్క పడేది. ఆ విస్తరి ముందు ఉన్నది అతని మనవరాలు జాయిస్. అందరూ లేచినా అదొక్కటీ లేవలేదు.

"ఇంకా చూస్తారేంటి, పారబోయండి," అన్నాడు సంఘపెద్ద ప్రేమదాసు.

వంట చేసిన రత్తమ్మ బావురుమంది. "తెల్లారుజామున పొయ్యి ముట్టించా. పొయ్యి వదిలి పక్కకి పోతే ఒట్టు. నా వంట పారబోస్తే నన్ను నలుగురూ ఏమనుకుంటారయ్యా?"

"పోనీ జగ్గయ్యపేట తీసుకెళ్ళి పరీక్ష చేయిద్దామా?" అన్నాడు కృపారావు.

"వాళ్ళు చెప్పేసరికి కూర పాచిపోద్దండి," అన్నాడు ప్రేమదాసు. "ఒక ముద్ద కుక్కకి పెట్టి చూద్దాం."

"కుక్క ఎంగిలి చేసిన కూర నువ్వు తింటావేంటి పెద్దయ్యా?" అంది రత్తమ్మ, ముక్కు చీదుకుంటూనే.

అప్పుడు ముందుకొచ్చింది సౌభాగ్యమ్మ, స్తెఫను భార్య.

"కుక్కలెందుకు? వడ్డించేవాడే ముందు తినాలి. ఈయన చేత్తో పెట్టింది తిని ఎవరికన్నా ఏమన్నా అయితే, పోలీసులు ముందు పట్టుకునేది ఈయన్నే గదా! మా ఆయన తింటాడు. అరగంట చూద్దాం."

స్తెఫను చేతిలో గరిటె జారి బకెట్టులో పడింది. ముప్పై ఏళ్ళ కాపరం. మొన్న జ్వరమొస్తే మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా కూర్చున్న మనిషేనా ఈ మాట అంటోంది?

"ఏందే, నన్ను సాగనంపుదామనే?"

"సాగనంపేదాన్నయితే ఇంట్లోనే సాగనంపుదును. ఇంతమంది సాక్ష్యం ఎందుకు? కూర్చో."

నవ్వబోయిన వాళ్ళు నవ్వలేక ఆగిపోయారు. కృపారావు వద్దంటే వద్దన్నాడు. స్తెఫను మనవరాలి వంక చూశాడు. పిల్ల ఖాళీ విస్తరి వంక చూస్తోంది.

"నా చేత్తో దాని విస్తట్లో విషం వేసేకంటే నేను తినటమే నయమండి అయ్యగారూ," అని అక్కడే చతికిలబడ్డాడు.

కృపారావు ప్రార్థన చేశాడు. అది విందు ప్రార్థనలా లేదు, సమాధి దగ్గర చేసేదిలా ఉంది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ప్రేమదాసు రెండు ముక్కలు వేశాడు.

"రెండు ముక్కలకేం తెలుస్తది?" అంది సౌభాగ్యమ్మ. "మందు అడుక్కి దిగుద్ది. అడుగు నుంచి దేవండి."

అడుగు నుంచి దేవారు.

"ఆ కార్జం వెయ్యండి. విషం ముందు పట్టేది కార్జానికే. మూలుగ బొక్కేదీ? అది వదిలేస్తే ఇంకేం పరీక్ష?"

మొదటి ముద్ద స్తెఫను గొంతులో అడ్డం పడింది. రెండోది దిగింది. మూడో ముద్దకి భయం సగం పోయి రుచి తెలిసింది. ఇరవై రెండేళ్ళుగా ఈ విందులో వడ్డన అతనిదే. అందరికీ పెట్టి ఆఖరి బంతిలో కూర్చునేసరికి గుండిగలో అడుగంటిన పులుసూ నాలుగు దోసకాయ ముక్కలూ మిగిలేవి. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. వడ్డించేవాడి సంగతి ఎవరూ అనరు. రత్తమ్మ చేతిలో ఇంత మహత్యం ఉందని చావు ముందు కూర్చుంటే గానీ అతనికి తెలియలేదు. మూలుగ జుర్రిన చప్పుడు షామియానా చివరిదాకా వినిపించింది.

"ఎట్టా ఉంది స్తెఫనూ?" అన్నాడు కృపారావు, గడియారం చూసుకుంటూ.

"ఉప్పు సరిపోయిందండి. ఇంకాస్త అన్నం పెట్టించండి."

ఇరవై నిమిషాలకి స్తెఫను కళ్ళు మూతలు పడ్డాయి. రత్తమ్మ కెవ్వుమంది. ప్రేమదాసు భుజాలు పట్టి కుదిపాడు.

"ఉండవయ్యా," అన్నాడు స్తెఫను, బ్రేవుమని తేన్చి. "తిన్నది ఎక్కువై కునుకు పట్టింది."

ఇక ఎవరూ అరగంట దాకా ఆగలేదు. ఎవడో పనిలేనివాడి రాత అని కృపారావు ఆ ఉత్తరాన్ని పట్టకారుతో సహా పొయ్యిలో పడేశాడు. స్తెఫను బకెట్టందుకుని జాయిస్ విస్తట్లో మొదటి ముక్క వేశాడు. ఆ రోజు అతను వడ్డించిన తీరే వేరు.

సాయంత్రం ఇంటి ముందు నులకమంచం మీద వెల్లకిలా పడుకుని పొట్ట నిమురుకున్నాడు. గుమ్మంలో సౌభాగ్యమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"అంతమంది ఏడ్చారు. నీ కంట మాత్రం చుక్క రాలేదు," అన్నాడు.

ఆమె మూతి ముడుచుకుని నవ్వు ఆపుకుంటోంది.

"నాకు కడుపు నిండింది, కాదనను. పిల్లా జెల్లా ఎంత బెదిరిపోయారే! ఆ ఉత్తరం రాసినవాడి చెయ్యి పడిపోను!"

"అంతమాట అనమాకయ్యా," అంది సౌభాగ్యమ్మ. "నా చెయ్యి పడిపోతే రేపట్నుంచి నీకు కూడెవరు వండుతారు?"