ఇంకా ఊరలేదు

ఒడ్డు నుంచే మడుగులోని గోగు కట్టె ఒకటి లాగి విరిచాను. నార దానంతటదే జారి నా చేతికొచ్చింది.

"ఇంకా ఊరలేదే," అంది అమ్మ, అటు చూడకుండానే.

"నిన్న కూడా ఇదే అన్నావు."

"నిన్న కూడా ఊరలేదు."

మోపులు మడుగులో ముంచి, పైన రాళ్లు పేర్చి ఇరవై రెండు రోజులయింది. పదిహేను దాటితే నార కుళ్లి, తాడు పేనడానికి కూడా పనికిరాదని నాకు నేర్పింది అమ్మే. తీసి, ఉతికి, ఆరేయకపోతే ఏడాది కష్టం నీళ్లపాలే. గోగు ఊరే మడుగు ఏటా కంపు కొడుతుంది. ఈసారి ఇద్దరం ఆ మాట ఎత్తడం లేదు.

రాళ్లు పెట్టిన సాయంత్రం నుంచే అక్క కనబడటం లేదు. నడుం లోతు నీళ్లలో దిగి మోపులు సర్దింది అదే. మేం ఆఖరి మోపులు తెచ్చేసరికి అక్కడ లేదు. ఇంటికెళ్లిందనుకుని, వాటినీ పైన పడేసి, రాళ్లు పెట్టి వచ్చేశాం.

అక్క ఎవరితోనైనా నవ్వి మాట్లాడితే ఇల్లు పీకి పందిరేసే అమ్మ, ఇప్పుడు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ తనే చెబుతోంది. "లేచిపోయిందండీ. అబ్బాయి మంచోడేనట."

ఇవాళ ఆగలేక నీళ్లలో దిగాను. మొదటి రాయి మీద చెయ్యి వేశాను.

అమ్మ చీరతోనే వెనక దిగి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనీవే తల్లీ," అంది. "ఆ రాయి తియ్యనంతకాలం అది ఎక్కడో కాపురం చేసుకుంటున్నట్టే."