అడగని దారి

పొద్దుటి నుంచీ ముసురు పట్టి వదల్లేదు. కోల్డ్ స్టోరేజీలో తమ్ముడు ఫోన్లనూ కెమెరాలనూ సైరన్‌నూ కలిపే నెట్‌వర్క్ స్విచ్చులు సరిచేస్తున్నాడు. అక్కడే చేపల పెట్టెలు సర్దే అక్క, షిఫ్టుకు ముందు అతనికి టీ తెచ్చింది.

"ఇన్నాళ్లూ ప్రతి స్విచ్చులోనూ ఫోన్లకో దారి, కెమెరాలకో దారి, గ్యాస్ సైరన్‌కో దారి చేత్తో రాసేవాళ్లం అక్కా. ఇక అవే ఒకదాన్నొకటి అడిగి దారులు వేసుకుంటాయి. ఎవరూ అడగని దారి మూసేస్తాయి."

"అడగందే అమ్మైనా పెట్టదని నీ స్విచ్చులకీ తెలిసిపోయిందన్నమాట!" అక్క నవ్వి కళ్లు తుడుచుకుంది. "ఇందాక లోపలికెళితే కూలింగు గొట్టాల్లోని అమ్మోనియా వాసన తగిలిందిరా. ఇంకా కళ్లు మండుతూనే ఉన్నాయి."

"లీకైతే సైరన్ మోగదూ? నీకన్నీ అనుమానాలే. బావ ఎలా వేగుతున్నాడో!"

"మీ బావ సంగతి నీకెందుకు? నీ పని చూసుకో." అక్క చలికోటు వేసుకుని చలిగదిలోకి వెళ్లింది. మందపాటి తలుపు మూసుకుంది.

తమ్ముడు ఫోన్లు చూశాడు, మోగాయి. కెమెరాలు చూశాడు, బొమ్మ వచ్చింది. సైరన్ ఉలకలేదు. లీకు లేనిదే అది ఎప్పుడూ ఉలకదు. చేత్తో రాసిన దారులన్నీ తుడిచేశాడు.

చలిగదిలోని స్విచ్చు పాతది. దానికి అడగడం రాదు. దానికి కలిపింది గ్యాసును పసిగట్టి సైరన్‌ను మోగించే యంత్రం ఒక్కటే. అడిగేవాళ్లు లేక సైరన్ దారి మూసుకుపోయింది.

అక్క షిఫ్టు తెల్లవారేదాకా. తమ్ముడు సాయంత్రం ఆరింటికి వెళ్లిపోయాడు.